మూడో మెట్టు

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, యూనిఫాం ఎక్కడ కనిపించినా రోవెనాకి గుండె దడ మొదలయ్యేది. పోస్టు తెచ్చేవాడైనా సరే, గ్యాసు మీటరు చూసేవాడైనా సరే, ఆమె గబుక్కున పక్క సందులోకి తిరిగిపోయేది. ఆరు నెలలు చుట్టపుచూపుగా ఉండి వెళ్తానని వీసా తీసుకుని ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మనిషి, తొమ్మిదేళ్లుగా న్యూయార్క్‌లోనే ఉండిపోతే ఎవరికైనా అంతే.

అలాంటి మనిషి ఓ వానరోజు లిఫ్టులో ఇరుక్కుంది.

నాలుగో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది అది. పక్కన చక్రాల కుర్చీలో ఇస్కా మామ్మ. మామ్మది కూడా వాళ్ల దేశమే. నలభై ఏళ్లు ఇక్కడ నర్సుగా చేసి రిటైరై, ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తే కుర్చీలో కూర్చుంది. ఆవిణ్ణి చూసుకోవడమే రోవెనా ఉద్యోగం, ఆవిడ ఫ్లాటే రోవెనా ఇల్లు. మామ్మ ఒళ్లో ఎండుచేపల పొట్లం ఉంది. లిఫ్టు ఆగిన కాసేపటికి ఆ వాసనకి రోవెనా కళ్లు తిరగసాగాయి. మామ్మ మాత్రం జపమాల తిప్పుతూ హాయిగా ఉంది.

చాలాసేపటికి తలుపుల మధ్య సందు తెరుచుకుంది. ముందు టార్చి వెలుగు, ఆ వెనక నీలం చొక్కా, జేబు మీద బ్యాడ్జీ, నడుముకి వాకీటాకీ. రోవెనా కుర్చీ వెనక్కి నక్కింది.

“లోపల ఎవరున్నారు? పేరేంటండీ?” అన్నాడు ఆ చొక్కా.

“క్లారా,” అంది రోవెనా.

క్లారా ఎవరో ఆమెకే తెలీదు. మామ్మ జపమాల ఆపి, తల పూర్తిగా వెనక్కి తిప్పి చూసింది. టార్చి ఒకసారి ఎండుచేపల మీద, ఒకసారి రోవెనా మొహం మీద పడింది. అతను వెంటనే ఇంగ్లీషు వదిలేసి వాళ్ల భాషలోకి దిగాడు.

“భయపడకండి క్లారా గారూ. లిఫ్టుల్ని ఎత్తడమే నా ఉద్యోగం. మనుషుల్ని ఎత్తుకెళ్లడం నా డ్యూటీ కాదు.”

అతని పేరు ఎఫ్రెన్. చిన్నప్పుడే తల్లితో వచ్చి ఇక్కడే పెరిగి, ఇక్కడి పౌరుడైపోయినవాడు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. నవ్వితే ఒక బుగ్గే సొట్టపడుతుంది. ఆ సంగతి గమనించినందుకు రోవెనాకి తన మీద తనకే కోపం వచ్చింది.

ఆ తర్వాత ఆ లిఫ్టుకి ఎక్కడలేని శ్రద్ధ పట్టుకుంది. వారంవారం ఎఫ్రెన్ దాన్ని చూడటానికి వచ్చేవాడు. చూసి, పైకి వచ్చి, మామ్మ పెట్టే నూడుల్స్ తిని, క్లారా గారు బాగున్నారా అని అడిగి వెళ్లేవాడు. ఓసారి వంటింట్లోంచి మామ్మ “రోవెనా, ఉప్పేది?” అని కేకేసింది. సగం నములుతున్న ఎఫ్రెన్ ఆగిపోయాడు. రోవెనా చెవులు ఎర్రబడ్డాయి. అతను ఉప్పు డబ్బా తనే అందుకుని, “ఇదిగో మామ్మా, రోవెనాకి తెలీదట, నన్ను క్లారా ఇమ్మంది,” అన్నాడు.

ఇక దాచడం ఎందుకని, ఆ వారమే బట్టలుతికే షాపులో దుప్పట్లు మడతపెడుతూ చెప్పేసింది. తన వీసా గడువు ఎప్పుడో తీరిపోయిందని, దేశం దాటి కాలు బయటపెడితే పదేళ్ల దాకా మళ్లీ రానివ్వరని, అందుకే ఇన్నేళ్లుగా అమ్మానాన్నల్ని ఫోన్‌లో తప్ప చూడలేదని. చెబుతున్నంతసేపూ దుప్పటి అంచు చూస్తూనే చెప్పింది.

ఎఫ్రెన్ మంచివాడే కానీ, మంచివాళ్లు ఒక్కోసారి నోరు తెరిస్తే కొంప మునుగుతుంది.

“ఓస్, ఇంతేనా? నేను సిటిజన్ని కదా. పెళ్లి చేసుకుందాం, కాగితాలు వచ్చేస్తాయి,” అన్నాడు.

మడతపెట్టిన దుప్పటి అతని మొహానికి తగిలింది.

“ఇలా అడిగినవాళ్లు ఇదివరకే ముగ్గురున్నారు. ఒకడైతే రేటు కూడా చెప్పాడు,” అంది రోవెనా. “నువ్వు ఫ్రీగా ఇస్తానంటున్నావు. నీకూ వాళ్లకీ అంతేగా తేడా?”

ఎఫ్రెన్ దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు. ఆ తర్వాత నెల రోజులు కనబడలేదు. దరిద్రం ఏంటంటే లిఫ్టు కూడా ఆ నెలంతా బుద్ధిగా పనిచేసింది. రోవెనా రోజూ దాని బటన్ నొక్కి, అది ఠక్కున వచ్చి నిలబడితే చిరాకుపడేది.

చివరికి దాని మోటారు నిజంగానే కాలిపోయింది. కొత్తది రావడానికి వారాలు పడుతుందని నోటీసు అంటించారు. ఆదివారం చర్చికి వెళ్లకుండా మామ్మ ఉండలేదు. నాలుగంతస్తులు దిగనూ లేదు. ఏం చేయాలా అని రోవెనా తల పట్టుకుని కూర్చుంటే బెల్ మోగింది. గుమ్మంలో ఎఫ్రెన్, ఇస్త్రీ చొక్కాతో. ఆమె వైపు చూడకుండా మామ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని వీపు చూపించాడు.

అలా ఆదివారం ఆదివారం మామ్మ అతని వీపు మీద చర్చికి వెళ్లి, అతని వీపు మీదే వచ్చేది. రోవెనా కుర్చీ మడిచి పట్టుకుని వెనక నడిచేది. మామ్మ పైనుంచి పాతకాలపు సంగతులు చెబుతూనే ఉండేది.

“మా ఊళ్లో పిల్లని కోరుకున్నవాడు ఆ పిల్ల ఇంటికి నీళ్లు మోసేవాడురా, కట్టెలు కొట్టేవాడు. నీ ఖర్మ, నన్ను మోస్తున్నావు.”

“కట్టెలైతే ఇంత మాట్లాడవు మామ్మా,” అన్నాడు ఎఫ్రెన్ ఆయాసపడుతూ.

వెనక నడుస్తున్న రోవెనాకి నవ్వు ఆగలేదు. ఆ నవ్వుకి అతను తిరిగి చూశాడు. ఆ ఒక్క చూపులో ఎంత ఆశ ఉందో చూసి ఆమె తల దించేసుకుంది.

ఇంకో ఆదివారం చర్చి బయట జోరున వాన పట్టుకుంది. మామ్మ లోపల కొవ్వొత్తులు వెలిగిస్తోంది. బయట ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడ్డారు. గొడుగు చిన్నది కాదు, అయినా అతను సగం తడుస్తున్నాడు, ఆమెకి తగలకూడదని.

“నీకు కాగితాలు వేరే దారిలో వస్తే ఆ రోజు అడుగుతాను,” అన్నాడు వాన వైపు చూస్తూ. “రాకపోతే అడగను. రెండిట్లో ఏదైనా సరే, ఆదివారం మామ్మని మోయడానికి మాత్రం వస్తాను.”

రోవెనా వాన చూడటం మానేసి అతని వైపు చూసింది. ఇతన్ని తను ప్రేమిస్తోంది. దుప్పటి విసిరిన రోజు నుంచీ ప్రేమిస్తూనే ఉంది. కాగితాల కోసం చేసుకుందని పదిమందీ అంటారేమో అన్న భయంతో, ఉన్న ప్రేమని లేనట్టు దాచుకుంటోంది. వీసా గడువు దాటినందుకు దాక్కోవడం సరే, ప్రేమించినందుకు కూడా దాక్కోవాలా అనిపించింది.

గొడుగు కర్ర పట్టుకుని అతని వైపు వంచింది. “నన్నడిగితే ఏం లాభం? మా నాన్నని అడుగు,” అంది.

అక్కడే అసలు కథ మొదలైంది.

రోవెనా తండ్రి బెనింగ్‌ది మామిడితోటలకి పేరుపడ్డ ఓ చిన్న ద్వీపం. స్తంభాల మీద కట్టిన చెక్క ఇల్లు, పైకి ఏడు మెట్లు. వాళ్ల వైపు పిల్లనడగడాన్ని మెట్లెక్కడం అంటారు. మగపెళ్లివాళ్లు వండిన వంటలు పట్టుకొచ్చి, ఆడపిల్ల ఇంటి మెట్లెక్కి, పెద్దల ముందు కూర్చుని అడగాలి. ఎఫ్రెన్ ఫోన్‌లో వినయంగా విషయం చెప్పబోతే, ఫోన్‌లో మెట్లెక్కడం కుదరదని పెద్దాయన పెట్టేశాడు.

ఎఫ్రెన్ సెలవు పెట్టి, తల్లిని వెంటబెట్టుకుని విమానం ఎక్కాడు. రోవెనా వెళ్లలేదు, వెళ్తే తిరిగి రాలేదు. తన పెళ్లిచూపులు తను ఫోన్‌లో చూసింది. తండ్రి అతన్ని ఊరికే వదల్లేదు. బావి నుంచి నీళ్లు మోయించాడు, కట్టెలు కొట్టించాడు. మొదటి దెబ్బకే గొడ్డలి పిడి ఊడితే ఊరంతా నవ్వింది. రోవెనా కూడా నవ్వింది. అంతలో ఎవరో ఫోన్ పక్కకి తిప్పితే వెనక అమ్మ వంటగది కనిపించింది. అదే మసి, అదే కిటికీ, తను చిన్నప్పుడు తెచ్చిన గవ్వల తోరణం. తను అడుగుపెట్టలేని గుమ్మంలో అతను చెప్పులు విడిచి హాయిగా తిరుగుతున్నాడు. నవ్వు కాస్తా ఏడుపైపోయింది. మామ్మ ఫోన్ లాక్కుని ఆఫ్ చేసేసింది.

చివరికి తండ్రి తీర్పు చెప్పాడు. అక్కడ ఆఫీసులో పెళ్లి చేసుకుంటే చేసుకోండి, కాగితాలకి అది కావాలి కదా అన్నాడు. “కానీ నా లెక్కలో అది ఉత్త సంతకమే. నా కూతురు ఈ మెట్లు దిగి, మన చర్చికి నడిచి, నేను చెయ్యి పట్టి ఇస్తేనే పెళ్లి. అందాకా…” అని ఆగి, కాసేపు ఆలోచించాడు. “అబ్బాయ్, ఆ ఇంట్లో సోఫా ఉందా?”

ఉందన్నాడు ఎఫ్రెన్. మాటిచ్చాడు.

తిరిగొచ్చాక సిటీ ఆఫీసులో పెళ్లయింది. మామ్మ కుర్చీలోంచే పూలు చల్లింది, సాక్షి సంతకం కూడా ఆవిడదే. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, పెళ్లికొడుకు మామ్మ ఫ్లాటుకి వచ్చి తిన్నగా హాల్లో సోఫా మీద దుప్పటి పరుచుకున్నాడు. ఆ సోఫాకి మామ్మ కొన్ననాటి నుంచీ తీయని ప్లాస్టిక్ కవరుంది. అతను అటు దొర్లితే ఓ చప్పుడు, ఇటు దొర్లితే ఓ చప్పుడు. గోడ అవతల రోవెనాకి ఆ చప్పుళ్లన్నీ వినిపించేవి. పొద్దున్నే బుగ్గ మీద కవరు అచ్చులతో లేచి, “గుడ్ మార్నింగ్ క్లారా,” అనేవాడు. ఆమెకి ఆ అచ్చుల్ని చేత్తో తుడవాలనిపించేది. తుడిచేది కూడా. అంతకు మించి నాన్నకిచ్చిన మాట అడ్డొచ్చేది.

అందుకని ఇద్దరి ప్రాణాలూ ఇమిగ్రేషన్ ఆఫీసులో జరిగే ఇంటర్వ్యూ మీదే ఉన్నాయి. అక్కడి అధికారి నమ్మి గ్రీన్ కార్డు ఇస్తే రోవెనా ఊరెళ్తుంది, మెట్లు దిగుతుంది, అప్పుడు పెళ్లి. నమ్మకపోతే ఆమెని పంపించేస్తారు. పదేళ్లు ఆమె అక్కడ, అతనిక్కడ.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే మామ్మ ఇద్దరి నెత్తినా పవిత్రజలం చల్లింది. ఎఫ్రెన్ నెత్తిన కాస్త ఎక్కువే పోసింది. అధికారి పేరు మిసెస్ హాలోవే. ముక్కు చివర కళ్లజోడు, మొహంలో ఏ భావమూ లేదు. ఇద్దర్నీ విడివిడిగా అడుగుతానంది. ముందు ఎఫ్రెన్ వెళ్లాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు, ఇస్త్రీ చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. రోవెనా కళ్లతోనే ఎలా అయిందని అడిగింది. అతను బానే అయిందన్నట్టు తల ఊపాడు గానీ, ఆ ఊపులో ధీమా లేదు.

లోపల ప్రశ్నలు తేలిగ్గానే మొదలయ్యాయి. ఎక్కడ కలిశారు, వంట ఎవరు చేస్తారు, మీ పుట్టిల్లు ఎలా ఉంటుంది. పుట్టింటి మాట రాగానే రోవెనా తనని తాను మరిచిపోయింది. ఏడు మెట్లనీ, మూడోది విరిగి ఉంటుందనీ చెప్పింది. తను అమెరికాకి బయల్దేరిన రోజు సూట్‌కేసు లాగుతుంటే విరిగిందది. నాన్న బాగుచేయలేదు, నువ్వొచ్చిన రోజు చేస్తానంటాడు, ఇంట్లో అందరూ ఇన్నేళ్లుగా దాన్ని దాటి ఎక్కుతున్నారు.

మిసెస్ హాలోవే రాసుకుంది. తర్వాత మంచం మీద మీ భర్త ఏ పక్కన పడుకుంటారని అడిగింది.

“మంచం మీద కాదండీ. సోఫా మీద.”

కలం ఆగింది. “మీ భర్త ఎడమ పక్కన అన్నారు.”

“దేనికి ఎడమ పక్కన?” అంది రోవెనా అయోమయంగా.

అధికారి లేచి తలుపు తీసి ఎఫ్రెన్‌ని లోపలికి పిలిచింది. అతను రోవెనా మొహం చూడగానే విషయం అర్థమై, కుర్చీ అంచున కూర్చున్నాడు.

“ఎందుకు అబద్ధం చెప్పావు?” అంది రోవెనా. అధికారి ఎదురుగా ఉందన్న సంగతి కూడా ఆమెకి గుర్తులేదు.

“పని దగ్గర వాళ్లంతా మంచం సంగతి తప్పకుండా అడుగుతారన్నారు. సోఫా అంటే ఎవరు నమ్ముతారు?” అన్నాడు నేల చూస్తూ. “పైగా… పెళ్లయి ఇన్నాళ్లయినా సోఫా మీదే అని పరాయి ఆడమనిషి ముందు ఎలా చెప్పను?”

“తొమ్మిదేళ్లు పేరు చెప్పడానికి కూడా భయపడి బతికాను నేను. ఇవాళ ఒక్కరోజు నిజం చెప్పి కూర్చుందామనుకుంటే, నువ్వు మంచం తెచ్చి మధ్యలో వేశావు.”

మిసెస్ హాలోవే కళ్లజోడు తీసింది. అసలు సోఫా ఎందుకని అడిగింది. రోవెనా ఆవిడ వైపు తిరిగింది.

“మా నాన్న ఇంకా నన్ను ఇవ్వలేదండీ. మా ఇంటి మెట్లు దిగి, మా చర్చిలో ఆయన చెయ్యి పట్టి ఇచ్చేదాకా ఆగుతానని ఈయన మాటిచ్చాడు. దొంగ పెళ్లే అయితే ఇద్దరం బట్టీపట్టి ఒకే మంచం చెప్పేవాళ్లం. మాది నిజం పెళ్లి కాబట్టే ఇంకా మొదలవలేదు.”

ఎఫ్రెన్ ఆమె వైపే చూస్తున్నాడు. తర్వాత అతను నెమ్మదిగా తన తప్పు ఒప్పుకుని, ఎడమ పక్క కొట్టేసి సోఫా అని రాయమన్నాడు. ఆవిడ రాసింది, పక్కన అతని చేత సంతకం పెట్టించింది.

“ఇంకోచోట కూడా మీ జవాబులు కలవలేదు. మీ నాన్నగారి ఇంటి గురించి,” అంది రోవెనాతో.

రోవెనాకి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ ఇంట్లో పుట్టింది తను. ఆ ఇంటి గురించి తనకి తెలియనిది ఏముంటుంది?

“దానికి కారణం ఆయన చెప్పారు. మీతో మాత్రం చెప్పొద్దని బతిమాలారు. కాబట్టి చెప్పను.” ఆవిడ ఫైలు మూసింది. మొదటిసారి ఆ మొహంలో నవ్వులాంటిది కదిలింది. నిర్ణయం పోస్టులో వస్తుందని చెప్పి, తలుపు దాకా వచ్చి, ఎఫ్రెన్‌తో ఒక్క మాట అంది. “ఇంకెప్పుడూ ఆఫీసర్లకి అబద్ధం చెప్పకండి. అదృష్టం ఎప్పుడూ మీ ఆవిడ రూపంలో పక్కన ఉండదు.”

కార్డు వచ్చేదాకా ఆ ఇంట్లో రెండే సంగతులు. ఒకటి పోస్టు పెట్టె. రెండోది, ఇంటి గురించి ఏం చెప్పావని రోవెనా పోరు. బుజ్జగించి అడిగింది, అలిగి అడిగింది, మామ్మ చేత అడిగించింది. క్లారాకి చెబుతా గానీ రోవెనాకి చెప్పనన్నాడు. నేనే క్లారాని అంటే, అయితే ఆ దొంగపేరు సంగతి ఆఫీసర్లకి చెప్పమంటావా అన్నాడు.

ఓ మధ్యాహ్నం కార్డు వచ్చింది. తెచ్చింది యూనిఫాం వేసుకున్న పోస్టుమ్యానే. రోవెనా పక్క సందులోకి తిరగలేదు. గుమ్మంలోనే నిలబడి, పేరేంటంటే “రోవెనా” అని, ఆ పేరు చెప్పగలిగినందుకే ఏడ్చేసింది. ఆయన పాపం బెదిరిపోయి రుమాలిచ్చాడు. మామ్మ మాత్రం వేరే ఊళ్లో ఉండే తన కొడుక్కి ఫోన్ చేసి, నెల రోజులు వచ్చి నన్ను నువ్వే చూసుకోవాలిరా అని చెప్పింది.

విమానం దిగి, పడవ దిగి, జీపు దిగేసరికి ఊళ్లో ఎండ మండిపోతోంది. మామిడిచెట్ల కిందనుంచి ఓ గోధుమరంగు కుక్క దూసుకొచ్చింది. ఎఫ్రెన్ కాళ్లు నాకి, తోక ఊపి, రోవెనాని చూసి మొరిగింది. తను వెళ్లాక పుట్టిన కుక్క అది. ఎఫ్రెన్ దాని తల నిమిరి, మన మనిషేనే అని నచ్చజెప్పాడు. సొంత వాకిట్లో తనకి సిఫారసు కావాల్సి వచ్చినందుకు నవ్వాలో ఏడవాలో తెలియక రోవెనా నిలబడిపోయింది.

పైన గుమ్మంలో నాన్న ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. ఫోన్‌లో ఆ తెలుపు ఇంతుందని తెలియలేదు. వెనక అమ్మ కొంగుతో కాదు, ఏకంగా తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటోంది. నాన్న దిగి రాలేదు. మెట్ల వైపు చెయ్యి చూపించాడంతే.

రోవెనా మొదటి మెట్టెక్కింది. రెండోదెక్కింది. విరిగిన మూడో మెట్టు దాటడానికి కాలు ఎత్తి చాచింది.

“కాలు పెట్టు,” అన్నాడు వెనకనుంచి ఎఫ్రెన్.

“నీకు తెలీదు. అది విరిగింది.”

“చూసి పెట్టు.”

ఆమె కిందికి చూసింది. మిగతా ఆరూ అరిగి నల్లబడ్డ చెక్కలు. మూడోది మాత్రం కొత్తది, మేకు తలలు ఇంకా మెరుస్తున్నాయి. ఓ మూల కాస్త వంకరగా ఉంది. లిఫ్టులు బాగుచేసేవాడు కొట్టిన మెట్టని చూడగానే తెలుస్తోంది.

“నువ్వొచ్చిన రోజు చేస్తానన్నాను కదమ్మా,” అన్నాడు నాన్న పైనుంచి. “పోయినేడు వీడు వచ్చి కట్టెలు కొట్టాడు, నీళ్లు మోశాడు. అవేవీ నేను లెక్కలోకి తీసుకోలేదు. పోయే రోజు పొద్దున్నే లేచి, ఎవరూ చెప్పకుండా ఆ మెట్టు ముందు కూర్చున్నాడు. ఆవిడ వచ్చినప్పుడు దాటి ఎక్కకూడదు సార్ అన్నాడు. అప్పుడే నాకు తెలిసింది, నువ్వొస్తావని.”

ఏడు మెట్లూ గట్టిగానే ఉన్నాయండీ, ఆమెకి మాత్రం చెప్పకండి. అధికారితో అతను చెప్పింది అదన్నమాట. రోవెనాకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. కాలు పెట్టింది. మెట్టు కిర్రుమనలేదు. దాని మీదే కూర్చుని, ఇన్నేళ్ల ఏడుపూ అక్కడే ఏడ్చేసింది. నాన్న ఇక ఆగలేక దిగొచ్చి, పక్కన ఇరుక్కుని కూర్చుని, చిన్నప్పటిలా ఆమె తల ఒళ్లోకి లాక్కున్నాడు. ఇద్దరి బరువూ ఆ మెట్టు మోసింది.

కాసేపటికి పెద్దాయన కళ్లు తుడుచుకుని, కింద సూట్‌కేసులతో నిలబడ్డ ఎఫ్రెన్‌ని చూశాడు.

“పెళ్లి శనివారం, అల్లుడూ. అందాకా నీకు వసారాలో వెదురుబల్ల.”

అల్లుడన్న మాట వినడం అదే మొదటిసారి ఎఫ్రెన్‌కి. ఒక బుగ్గ సొట్టపడింది.

“దానికి ప్లాస్టిక్ కవరు లేదు కదా మామయ్యా?” అన్నాడు. “అయితే చాలు.”